ఊడి రాని గేర్‌బాక్సు: మిషిగన్ గరాజులో రెండు వారాంతాలు

నమస్కారమండీ. ఇది అమెరికాలోని మిషిగన్‌లో ఉన్న మా ఇంటి గరాజు; నాలుగు స్టాండ్ల మీద నిలబడి ఉన్నది 1999 నాటి జీప్ చెరోకీ. కొన్నాళ్లుగా బండి కదలకుండా ఇంజన్ మాత్రం తిరుగుతున్నా సరే దాని వెనుక భాగం నుంచి టకటకమని చప్పుడు వస్తూ ఉండటంతో, విన్నవారందరూ పిస్టన్‌ను క్రాంక్ షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్ పోయిందని తేల్చేశారు. అయితే ఈ 4.0 లీటర్ల ఇంజన్‌లో ఫ్లెక్స్‌ప్లేట్ పగిలినా అచ్చం అలాంటి చప్పుడే వస్తుంది. ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్టుకూ, ఆ తిప్పుడును గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌కూ మధ్య ఉండే ఆ పలుచని ఉక్కు పళ్లేన్ని కంటితో చూడాలంటే గేర్‌బాక్సు దించక తప్పదు.

దించే పనిలో మొదటి వారాంతం గడిచిపోయింది. గేర్‌బాక్సును ఇంజన్‌కు కలిపే గంట ఆకారపు ముందు భాగమైన బెల్ హౌసింగ్ పైభాగాన ఉండే రెండు బోల్టులకు మామూలు పానా పట్టదు. వాటి తలలు నక్షత్రం ఆకారంలో ఉంటాయి, 'E12' అనే సైజు సాకెట్ కావాలి. గేర్‌బాక్సు వెనుక భాగాన్ని కాస్త కిందికి వంచి, మూడు ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించి, దాని పైనుంచి చెయ్యి దూర్చి వాటిని విప్పాను. పక్కనే ఉండే, క్రాంక్ షాఫ్టు తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సర్‌ను ముందే తీసేశాను. మరిచిపోతే గేర్‌బాక్సు కదిలేటప్పుడు అది విరిగిపోతుంది. కింది కంత లోంచి క్రాంకును తిప్పుకుంటూ కన్వర్టర్ బోల్టులు నాలుగూ తీశాను. విప్పిన ప్రతి బోల్టునూ, పిజ్జా డబ్బా అట్టమీద బెల్ హౌసింగ్ బొమ్మ గీసి, దాని చోట దాన్నే గుచ్చి పెట్టాను. అట్టమీద ఖాళీ ఒక్కటీ లేదు. అయినా గేర్‌బాక్సు ఇంజన్‌ను వదలలేదు.

కారణం మా రోడ్లు. చలికాలమంతా మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు; డెట్రాయిట్ నగరం కిందనే సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉందంటే, ఈ ప్రాంతంలో ఉప్పుకు కరువేముంటుంది? ఇంజన్ బ్లాకు పోత ఇనుము, బెల్ హౌసింగ్ అల్యూమినియం, రెండింటినీ ఒక వరుసలో నిలిపే డోవెల్ పిన్నులు రెండూ ఉక్కువి. ఉప్పునీరు తగిలిన చోట ఇనుము కన్నా ముందు అల్యూమినియమే తినుకుపోతుంది, అలా ఏర్పడిన తెల్లటి పొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పిన్ను చుట్టూ సందు లేకుండా బిగుసుకుపోయి, గేర్‌బాక్సును సిమెంటు పోసినట్టు పట్టేసింది.

రెండో శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు విజయవాడకు ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం ఉదయం ఏడు. ఆటోనగర్‌లో లారీల గేర్‌బాక్సులు దించుతూ జీవితమంతా గడిపిన మా బాబాయ్ వీడియోలో ఒక్క నిమిషం చూసి, "ఒరేయ్, సుత్తి పక్కన పెట్టు. అది పోత ముక్క, బోల్టు పట్టే చెవి విరిగితే గేర్‌బాక్సే పోతుంది. బరువంతా వెనక్కి వేలాడుతుంటే డోవెల్ ఎలా వదులుతుందిరా? జాకీ సరిచెయ్యి ముందు," అన్నారు. నేను రెండు రోజులుగా నూనె పోస్తూ, గడ్డపారతో ఒక పక్కే పెకలిస్తూ చేసిన తప్పు అదేనని అప్పటికి గాని తెలియలేదు. వెనుక భాగాన్ని వంచింది పై బోల్టుల కోసం. అవి ఊడాక మళ్లీ ఇంజన్ వరుసకు ఎత్తాలన్న సంగతి నాకు తట్టలేదు.

జాకీని కొద్దికొద్దిగా ఎత్తి, బెల్ హౌసింగ్‌కూ బ్లాకుకూ మధ్య గీత పైనా కిందా ఒకేలా కనిపించేవరకు సరిచేశాను. అకస్మాత్తుగా ఊడితే మీద పడకుండా రెండు పొడవాటి బోల్టులను నాలుగు మరల మేరకు వదులుగా ఎక్కించి ఉంచాను. డోవెల్ ఉన్న చోట బెల్ హౌసింగ్‌కు హీట్‌గన్‌తో వేడి పెట్టాను. పెట్రోలు గొట్టాలు, నూనె ఉన్న చోట మంట పనికిరాదు. అదే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం పిన్ను కన్నా ఎక్కువగా విచ్చుకుంటుంది. ఆపైన రెండు పక్కలా గట్టి కర్ర చీలికలు పెట్టి, ఎడమవైపు ఒక దెబ్బ, కుడివైపు ఒక దెబ్బ చొప్పున మెల్లగా తట్టుతూ వెళ్లాను. ఎడమ పిన్ను చుట్టూ తెల్లటి పొడి రాలింది, వెంట్రుకవాసి సందు కనిపించింది, పది నిమిషాల తర్వాత 'టప్' మన్న చప్పుడుతో కుడివైపూ వదిలింది.

లాగేసే ముందు టార్చి వేసి చూస్తే కన్వర్టర్ ఇంకా క్రాంకునే పట్టుకొని ఉంది. అలాగే లాగితే అది అక్కడే ఉండిపోయి, గేర్‌బాక్సు నూనె నేలపాలవుతుంది. కింది కంత లోంచి స్క్రూడ్రైవరుతో దాన్ని వెనక్కి నెట్టాకే మొత్తం కిందికి దించాను. ఫ్లెక్స్‌ప్లేట్ మీద బోల్టు రంధ్రాల చుట్టూ అర్ధచంద్రాకారంలో పగులు ఉంది. రాడ్ పోలేదు.

డోవెల్ పిన్నులను ఇసుక కాగితంతో రుద్ది, పట్టుకోకుండా పూసే మందు పలుచగా రాశాను. వచ్చే వారం బిగింపు. కన్వర్టర్ గేర్‌బాక్సులోని నూనె పంపులోకి పూర్తిగా దిగకుండానే బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగులుతుంది కాబట్టి, బెల్ హౌసింగ్ ఉత్త చేత్తో నెట్టినంత మాత్రాన బ్లాకుకు అంటుకునేవరకు పానా ముట్టుకోను.