అమెరికాలో బండి రిపేరుకి ఎంతవుతుంది? తెనాలి బాబాయ్ ఫోన్‌లోనే పట్టేశాడు!

హాయ్ అందరికీ, నమస్తే. వీడియో పెట్టి మూడు వారాలైందని పిన్ని ఫ్యామిలీ గ్రూపులో రోజూ గుర్తుచేస్తోంది. ఇదిగో పిన్నీ. ఈసారి ఇల్లు, వంట, షాపింగ్ ఏమీ లేవు. బండి రిపేరు.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. ఇక్కడ చలికాలం బండి బయటికి తియ్యలేం. చలి సంగతి అలా ఉంచి, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఇనుము తినేస్తుంది. అందుకని నా పాత 2008 మోడల్ బండి, రెండు సిలిండర్లది, అన్న వాళ్ల గ్యారేజీలో ఐదు నెలలు పడుకుంది. అన్న అంటే సొంత అన్న కాదు, ఆఫీసులో సీనియర్. ఇక్కడ గుంటూరు యాస వినిపిస్తే చాలు, అన్నే.

ఏప్రిల్లో బయటికి తీశా. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్టవుతోంది. వేడెక్కేసరికి స్లో, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, పడిపోతోంది. నిమిషానికి 1300 చుట్లు తిరగాల్సింది 900 దగ్గర గుటకలు మింగుతోంది. సిగ్నల్ దగ్గర క్లచ్ పట్టుకున్నానో లేదో, ఆగిపోయింది. పచ్చలైటు పడింది. వెనక ఆరు కార్లు. ఒక్కడు హారన్ కొట్టలేదు. ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ, తిట్టినా బాగుండు అనిపించింది. తెనాలిలో అయితే ఒకడు తిట్టేవాడు, ఇద్దరు దిగి నెట్టేవాళ్లు, పనైపోయేది.

డీలర్‌కి ఫోన్ చేస్తే ఇంత పాత బండి చూడం అన్నారు. ఇంకో షాపులో చూస్తారట, మూడు వారాల తర్వాత రమ్మన్నారు. గంటకి 130 డాలర్లు. డాలర్ 85 వేసుకుంటే 11,050 రూపాయలు. రెండు గంటలు పట్టొచ్చట, అంటే 22,100. అదీ ఏం పాడైందో కనిపెట్టడానికే, బాగుచెయ్యడం వేరే. సరే నేనే చూసుకుందామంటే మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండి విప్పకూడదు, అగ్రిమెంట్లోనే రాశారు. మళ్లీ అన్న గ్యారేజీయే గతి.

శనివారం పొద్దున తొమ్మిదికి, తెనాలిలో సాయంత్రం ఆరున్నర, అక్కడ మా వీధి చివర మెకానిక్ బాబాయ్‌కి వీడియో కాల్ చేశా. ఫోన్ ఇంజిన్ దగ్గర పెట్టా.

"స్లో నాబ్ తిప్పావా?"

"సగం చుట్టు తిప్పా బాబాయ్."

"వెనక్కి పెట్టు. ఇప్పుడు సరిపోద్ది, పొద్దున చలికి అరుస్తది. త్రోటిల్ బాడీ కడిగావా?"

నేను ఆగిపోయా. త్రోటిల్ బాడీ అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం, లోపల తెరిచి మూసే ప్లేటు ఉంటుంది. ఎఫ్ఐ అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్, కార్బొరేటర్ బదులు కంప్యూటరే పెట్రోలు కొలిచి పంపే పద్ధతి. "నీకు ఎఫ్ఐ తెలుసా బాబాయ్?"

నవ్వాడు. "2020 ఏప్రిల్లో బీఎస్6, అదే పొగ తగ్గించే రూలు, వచ్చింది కదరా. కార్బొరేటర్‌తో కొత్త బండ్లు ఎన్నొస్తున్నాయి? స్కూటీలవి రోజుకి రెండు కడుగుతున్నా. మూడొందలు తీసుకుంటా."

నేను దేశం వదిలింది 2016లో. నా తలలో ఆ షాపు అక్కడే ఉండిపోయింది. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి పెట్టి, పిడి చెవికి ఆనించుకుని వినే బాబాయ్. ఇప్పుడాయన బల్ల మీద స్కానర్ ఉంది. నాకెవరూ చెప్పలేదు.

సరే, బండికొద్దాం. ట్యాంకు లేపి ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే, ఎలుక గూడు! దూది, ఎండుటాకులు, ఏవో గింజలు, పూర్తి సంసారం. దొరికింది దొంగ అనుకుని శుభ్రం చేసి స్టార్ట్ చేశా. అదే 900. ఫిల్టర్ మూసుకుంటే దెబ్బ ముఖ్యంగా గట్టిగా రేజ్ చేసినప్పుడు తెలుస్తుంది, స్లోలో అంతగా కాదట. ఇదీ బాబాయే చెప్పాడు.

యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు లోపలి ప్లేటు దాదాపు మూసుకునే ఉంటుంది. అంచు చుట్టూ ఉన్న వెంట్రుకవాసి సందులోంచి వచ్చే గాలితోనే ఇంజిన్ బతకాలి. నా బండిలో ఆ అంచున మసి, జిగురు. గాలి తగ్గితే కంప్యూటర్ పెట్రోలూ తగ్గిస్తుంది, స్లో పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు బండే ప్లేటుని కాస్త ఎక్కువ తెరిచి ఉంచుతుంది కాబట్టి పొద్దున తెలిసేది కాదు.

క్లీనర్ డబ్బా 12 డాలర్లు, 1,020 రూపాయలు. సెన్సార్ మీద కొట్టకుండా గుడ్డ మీద చల్లి, పాత టూత్ బ్రష్‌తో తోమా. ప్లేటు ఎంతవరకు మూసుకోవాలో ఆపే, పెయింట్ చుక్క పెట్టిన స్టాప్ స్క్రూ మాత్రం ముట్టుకోవద్దన్నాడు బాబాయ్, అది ఫ్యాక్టరీలో పెట్టింది. మధ్యలో వదిన ఉప్మా తెచ్చింది, గంట కబుర్లు. ఇంకోటి, ఇక్కడ విడిభాగాల షాపుల్లో పనిముట్లు అరువిస్తారు! సిలిండర్ గాలి ఎంత గట్టిగా పీలుస్తోందో చూపించే వాక్యూమ్ గేజ్‌కి 60 డాలర్లు కట్టా, 5,100. వాడి తిరిగిస్తే మొత్తం డబ్బులు వాపసు. ఇది మాత్రం నాకు భలే నచ్చింది. రెండు సిలిండర్లూ ఒకటొకటిగా చూస్తే సమంగానే పీలుస్తున్నాయి.

ఇంజిన్ బాగా వేడెక్కాక చూస్తే 1250. నాబ్ రవ్వంత తిప్పితే 1300. అదే సిగ్నల్ దాకా వెళ్లొచ్చా, ఆగలేదు. ఒహాయోలో పెద్దవాళ్లకి, లైసెన్స్ వచ్చి ఏడాది దాటితే, హెల్మెట్ తప్పనిసరి కాదు. అమ్మా, నేను పెట్టుకున్నా, చూడు, వీడియోలో కనిపిస్తోంది.

ఇంజిన్ చప్పుడు రికార్డు చేసి బాబాయ్‌కి పంపేసరికి అక్కడ అర్ధరాత్రి. పొద్దున లేచి చూస్తే జవాబు వచ్చి ఉంది: "ఫిల్టర్ కొత్తది వెయ్యరా. ఎలుక కంపు కడిగినా పోదు."