తాటిపూడి ఒడ్డున క్యాంపింగ్: నేను ఎక్కువగా మాట్లాడేది లైఫ్ జాకెట్ గురించే

అందరికీ నమస్తే. తాటిపూడి రిజర్వాయరు ఒడ్డున, అడవి అంచున ఉన్న క్యాంపు రివ్యూ చెయ్యమని చాలామంది అడుగుతున్నారు. పేరు స్క్రీన్ మీద వేశాను. ముందే ఒక సంగతి చెప్పెయ్యాలి. క్యాంపు వాళ్ళే మమ్మల్ని పిలిచారు. బసకి, భోజనానికి, పడవలకి మా దగ్గర డబ్బు తీసుకోలేదు. వీడియో పెట్టేముందు ఒకసారి చూపించమన్నారు. కుదరదన్నాను, ఒప్పుకున్నారు. అది మనసులో పెట్టుకునే చూడండి. టెంటుకి ఎంత, చెక్ ఇన్ ఎప్పుడు, ఏ ప్యాకేజీలో ఏముందో వాళ్ళ పేజీలో చూసే ఉంటారు. వాటి జోలికి నేను వెళ్ళను.

విజయనగరం నుంచి గంట్యాడ మీదుగా వస్తే దారి హాయిగా ఉంటుంది. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చి, ఇక్కడ కొండల మధ్య నిలబడి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ ఆనకట్ట 1960ల్లో కట్టారు. పొలాలకే కాదు, విశాఖపట్నం కుళాయిల్లోకి కూడా ఈ నీళ్ళు వెళ్తాయి. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో దీంతో నాకు పనుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. పొద్దున్నే కయాక్‌లు, అంటే మనమే తెడ్డు వేసుకుంటూ నడిపే చిన్న పడవలు, ఎక్కడానికి ఒడ్డుకి వెళ్ళాం. నేను, మా అమ్మ, అక్క, అక్క కొడుకు. వాడికి ఎనిమిదేళ్ళు. పడవలు చూసే పెద్దాయన తెడ్లు ఇవ్వలేదు. ముందు వాడి బరువు అడిగాడు. వయసు కాదండీ, బరువు. తర్వాత గోడకి సైజుల వారీగా వేలాడదీసిన జాకెట్లలోంచి ఒకటి తీసి, వాడికి తొడిగి, బకిల్స్ అన్నీ పెట్టి, కాళ్ళ మధ్య నుంచి పట్టీ వేసి బిగించాడు. ఆ తర్వాత రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాడు. జాకెట్ గడ్డం దాకా రాలేదు. అప్పుడు "ఇది సరిపోయిందమ్మా" అన్నాడు. నేను అక్కడే ఆగిపోయాను. ఇన్ని చోట్ల పడవలెక్కాను గానీ, పిల్లాడికి ఈ పరీక్ష చేసినవాళ్ళని నేను ఇక్కడే చూశాను.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, పెద్దవాళ్ళ జాకెట్ పిల్లాడికి వేస్తే నీళ్ళలో పడగానే జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. పట్టీ లేకపోతే చేతుల్లోంచి ఊడి వచ్చేస్తుంది. పిల్లలకి జాకెట్ బరువుని బట్టే ఇవ్వాలి. మీరు కూడా ఎక్కడికెళ్ళినా ఆ భుజాల పరీక్ష చెయ్యండి. చెవుల దాకా వచ్చేస్తే అది వద్దని చెప్పెయ్యండి.

ఇంకోటి. జాకెట్ లోపలివైపు ఒక చీటీ కుట్టి ఉంటుంది. దాని మీద 50, 100 అని ఏదో ఒక అంకె, పక్కన న్యూటన్ అని ఉంటుంది. పది న్యూటన్లంటే సుమారు ఒక కిలో బరువుని నీటి మీద నిలబెట్టే బలం. 50 రాసి ఉన్నది ఈత వచ్చినవాళ్ళకి, అదీ సాయం దగ్గర్లో ఉన్నప్పుడు. 100 రాసి ఉన్నదైతే మనిషిని వెల్లకిలా తిప్పి, ముఖం నీటి పైన ఉంచేలా తయారుచేస్తారు. ఈత రానివాళ్ళు, అంటే మనలో చాలామంది, అడగాల్సింది అది. ఇక్కడ రెండు రకాలూ ఉన్నాయి. "మీకు ఈత వచ్చా" అని అడిగాకే ఇస్తున్నారు. నా సొంత జాకెట్ 50ది. అది తీసుకెళ్ళాను కాబట్టి పక్కపక్కనే వేసుకుని చూశాను. 100ది మెడ దగ్గర లావుగా ఉంటుంది, తెడ్డు వేసేటప్పుడు కాస్త అడ్డమొస్తుంది. నాకు ఈత వచ్చు కాబట్టి నాది నేనే వేసుకున్నాను. అమ్మకి మాత్రం 100ది వేయించాను.

అమ్మ చీరలో ఉంది. ఇది మన వీడియోల్లో ఎవరూ మాట్లాడరు. బోటింగ్ దగ్గర ఆడవాళ్ళు జాకెట్‌ని భుజాల మీద కండువాలా కప్పుకుని, బకిల్ పెట్టుకోకుండా కూర్చోవడం మీరు చూసే ఉంటారు. పైట దొంతరగా అడ్డమొస్తుంది, బిగిస్తే ఊపిరాడనట్టు ఉంటుంది, అందుకే వదిలేస్తారు. పైగా తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళకీ కష్టమే. ఇక్కడ ఒడ్డు పక్కనే ఆడవాళ్ళకి తలుపు, గొళ్ళెం ఉన్న గది ఒకటి కట్టారు. ఉతికిన ట్రాక్ ప్యాంట్లు, టీ షర్టులు పెట్టారు. అక్కడ పనిచేసే ఆవిడ అమ్మతో, "సీరతో వొద్దమ్మా, ఇది ఏసుకోండి, ఎవులూ సూడరు" అంది. అమ్మ కాసేపు మొహమాటపడి మార్చుకుంది. ఆ గదికి పెద్ద ఖర్చేమీ అయ్యుండదు. కానీ దాని వల్లే మా అమ్మ జీవితంలో మొదటిసారి తెడ్డు పట్టుకుంది.

మన రాష్ట్రంలో పడవ అంటే ఏం జరిగిందో మర్చిపోకూడదు. 2017 నవంబరులో విజయవాడ పక్కన ఫెర్రీ దగ్గర కృష్ణలో, 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరిలో, సరదాగా బయల్దేరిన కుటుంబాలు పడవ మునిగి తిరిగి రాలేదు. ఆ వార్తలు చూసిన రోజుల్లో మా ఇంట్లో పడవ మాటే ఎత్తనిచ్చేవారు కాదు. ఇంతకుముందు నేను రివ్యూకి వెళ్ళిన ఒక చోట, పేరు చెప్పను, జాకెట్లన్నీ ఒక మూల కుప్పగా పడున్నాయి. ఒకదానికి బకిల్ లేదు, ఇంకోదాని ఫోమ్ నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది. ఫోమ్ వేలితో నొక్కగానే తిరిగి పైకి రావాలి. రాకపోతే దాని పని అయిపోయినట్టే. ఆ వీడియో నేను పెట్టనే లేదు.

జాకెట్లు వేశాక ఆ పెద్దాయన మమ్మల్ని వెంటనే పడవ ఎక్కించలేదు. నడుం లోతు నీళ్ళలోకి దింపి, వెనక్కి వాలమన్నాడు. "భయపడకండి, కాళ్ళు ఒదిలీండి, అదే మోస్తాది" అన్నాడు. తేలాక మా మేనల్లుడి ముఖం చూడాలి! భయం అక్కడే పోయింది. నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఇంకో పడవలో ఆయన మా పక్కనే ఉన్నాడు.

కయాక్‌లు పైన కూర్చునే రకం. అడుగున కన్నాలుంటాయి, పైన పడిన నీళ్ళు వాటిలోంచే పోతాయి, కంగారు పడకండి. తెడ్డు చేతులతో లాగితే పది నిమిషాల్లో భుజాలు పట్టేస్తాయి. నడుం తిప్పుతూ వెయ్యాలి. పొద్దున్న నీళ్ళు కదలకుండా ఉంటాయి, ఎండెక్కేకొద్దీ కొండల మీంచి గాలి లేస్తుంది, అప్పుడు తిరిగి రావడం శ్రమ. అందుకే మొదటి బ్యాచ్ అడగండి. ప్లాస్టిక్ సీసాలు వరసగా తేలుతూ కనిపిస్తే అవి వలలకి కట్టినవి. వాటి మీదుగా వెళ్ళకండి, చేపలు పట్టేవాళ్ళ బతుకు అది.

కొండ ఎక్కే దారి గురించి క్లుప్తంగా చెప్తాను. జీడిమామిడి తోటల్లోంచి మొదలై పైకి వెళ్తుంది, పైనుంచి రిజర్వాయరు మొత్తం కనిపిస్తుంది, కష్టం లేదు. పక్క ఊరి కుర్రాడిని తోడు ఇస్తారు. గడ్డిలో కూర్చోకండి, నిండు ప్యాంటు వేసుకుని సాక్సులోకి దోపుకోండి. పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. ఇంటికి వచ్చాక జ్వరం తగిలినా, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కనిపించినా డాక్టరుకి అడవికి వెళ్ళామని తప్పకుండా చెప్పండి. త్వరగా పట్టుకుంటే మందులకి తగ్గిపోతుంది.

టెంట్లు బావున్నాయి. రెండు పొరలవి. నా పాత టెంటు ఒంటి పొరది, నీటి ఒడ్డున వేస్తే తెల్లారేసరికి లోపలంతా చెమ్మ కారేది. ఇక్కడ పై జిప్ కాస్త తెరిచి పడుకుంటే ఆ బాధ లేదు. తిండిలో చోడి అంబలి, శీలావతి చేప పులుసు నాకు బాగా నచ్చాయి. బొంగు చికెన్‌కి ఇంకాస్త ఉప్పు పడాలి.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెచ్చిన విషయం. వంటగది గిన్నెలు తెచ్చి, నీటి అంచునే సబ్బు పెట్టి తోముతున్నారు. కొందరు అతిథులైతే షాంపూ పెట్టుకుని అక్కడే తలలు రుద్దుకుంటున్నారు, ఎవరూ ఆపట్లేదు. ఊరి జనం తాగే నీళ్ళండీ ఇవి! పిల్లాడి పట్టీ దగ్గర అంత జాగ్రత్త పడినవాళ్ళు దీన్ని ఎలా వదిలేశారో నాకు అర్థం కాలేదు. క్యాంపింగ్‌లో పాటించే పద్ధతి ఏంటంటే, నీళ్ళు బకెట్లో తెచ్చుకుని, ఒడ్డుకి రెండొందల అడుగుల దూరంలో కడిగి, మట్టిలో పొయ్యాలి. బూడిద, కొబ్బరి పీచు పెట్టి తోమితే సబ్బే అక్కర్లేదు. ఓనరు గారితో నేరుగా చెప్పాను. వంటగది వెనక ఇంకుడు గుంత తవ్విస్తామన్నారు. వేసవిలో నీళ్ళు తగ్గాక నా డబ్బుతో మళ్ళీ వెళ్ళి చూస్తాను. తవ్వకపోతే అదీ వీడియోలో చెప్తాను.

వెళ్ళొచ్చా అంటే, వెళ్ళండి. పిల్లలున్నవాళ్ళు, నీళ్ళంటే భయపడే అమ్మలున్నవాళ్ళు ముఖ్యంగా వెళ్ళండి. సబ్బు విషయంలో మార్కులు కోసేసినా, ఆ గోడకి వేలాడుతున్న జాకెట్లు, ఆ గది, ఆ పెద్దాయన కోసం నేను దీన్ని ఇప్పటిదాకా చూసిన క్యాంపులన్నిటికంటే పైన పెడతాను. బుక్ చేసేటప్పుడు మీ పిల్లల బరువు ఫోన్లోనే చెప్పండి. చిన్న సైజులు తక్కువ ఉన్నాయి, శని ఆదివారాల్లో ముందు వచ్చినవాళ్ళకే దొరుకుతున్నాయి.