ప్లాస్టిక్ పిస్టల్‌కు ఉక్కు రూపు: నాలుగు గన్‌మెటల్ పూతల రివ్యూ

నమస్కారం. మాటలు తర్వాత, ముందు ఈ రెండు ముక్కలను కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. నా ఎడమ చేతిలోది ఉక్కు, ఒక పాత యంత్రం నుంచి ఊడదీసిన కడ్డీ. కుడి చేతిలోది త్రీడీ ప్రింటర్‌లో తీసిన ప్లాస్టిక్ గొట్టం, దాని మీద నేను వేసిన పూత. దీపాన్ని మెల్లగా పక్కకు జరుపుతాను. వెలుగు రెండింటి మీదా ఎలా పాకుతుందో గమనించండి. ఉక్కు మీద అది సన్నని గీతలా మొదలై, అంచు దగ్గరికి వచ్చేసరికి నలుపులో కరిగిపోతోంది. ప్లాస్టిక్ మీద కూడా అలాగే కరుగుతోంది కదా! ఈ ఒక్క ఫలితం కోసం మూడు వారాలు పనిచేశాను. దాన్ని ఇచ్చిన పూత ఏది, ఇవ్వలేనివి ఏవి అన్నదే ఈ రివ్యూ.

నేను తయారు చేస్తున్నది ఒక అంతరిక్ష కథా చిత్రంలోని పిస్టల్ నమూనా. బోలుగా ఉన్న ప్లాస్టిక్ బొమ్మే తప్ప అది దేన్నీ పేల్చదు. అయితే తెర మీద చూసినప్పుడు అందులో ఒక బరువు, ఒక చల్లదనం కనిపిస్తాయి. దానికి కారణం ఉంది. ఇలాంటి చిత్రాల్లో చాలా ఆయుధాలను అసలు తుపాకుల మీదే కట్టారు. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌లో హాన్ సోలో పట్టుకునే పిస్టల్ మౌజర్ సి96 అనే పాత జర్మన్ పిస్టల్‌కు అదనపు భాగాలు బిగించి చేసినది. అంటే ప్రేక్షకుడు చూసింది రంగును కాదు, ఉక్కును. మనం ప్లాస్టిక్ మీద ఆ ఉక్కును రప్పించాలి.

ఇక్కడ గన్‌మెటల్ అనే పేరు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ పేరే చాలామందిని దారి తప్పిస్తుంది. అసలు గన్‌మెటల్ అనేది ఒక రకం కంచు. సుమారు 88 శాతం రాగి, 10 శాతం తగరం, 2 శాతం జింకు కలిపిన మిశ్రమలోహం. ఒకప్పుడు ఫిరంగులు పోసింది దానితోనే. అది గోధుమ, పసుపు కలిసిన రంగులో ఉంటుంది. ఇప్పుడు మనం గన్‌మెటల్ అంటున్న ముదురు రంగు నల్లబడిన ఉక్కుది. ఉక్కును గాఢమైన క్షార లవణాల ద్రావణంలో దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే పైపొర మాగ్నటైట్‌గా మారుతుంది. అది నల్లని ఐరన్ ఆక్సైడ్. ఈ పద్ధతిని బ్లూయింగ్ అంటారు. ఆ పొర ఎంత పల్చన అంటే, కింద ఉన్న ఉక్కు నునుపుగా ఉంటే పైన కూడా నిగనిగలాడుతుంది, గరుకుగా ఉంటే మసకగా కనిపిస్తుంది. కాబట్టి గన్‌మెటల్ అంటే బూడిద రంగు కాదు, వెలుగు తగిలితే మెరిసే నలుపు. ఈ ఒక్క మాట మనసులో ఉంటే రంగు డబ్బా ఎంచుకోవడంలో సగం తప్పులు జరగవు.

పూతల కంటే ముందు ఉపరితలం. నా సమయంలో ఎక్కువ భాగం దీనికే పోయింది, అలా పోవడమే సరైనది. నేను 0.2 మిల్లీమీటర్ల పొరలతో పీఎల్ఏ ప్లాస్టిక్‌లో ప్రింట్ తీశాను. ఆ పొరల గీతలు చేతికి సన్నగా తగులుతాయి. రంగు వేయనప్పుడు వాటిని కన్ను క్షమిస్తుంది కానీ, మెరిసే పూత పడగానే ప్రతి గీతా బయటికి వస్తుంది. ముందు 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, గుంటలున్న చోట లప్పం పెట్టి, సన్న గీతలను పూడ్చేలా మందంగా పడే అడుగు రంగు, ఫిల్లర్ ప్రైమర్, రెండు పూతలు వేశాను. ఆరిన తర్వాత 400, ఆపైన 600 కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దాను. పొడిగా గబగబా రుద్దితే పీఎల్ఏ వేడెక్కి సాగుతుంది. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడే ప్లాస్టిక్, అందుకే తడి పద్ధతి దానికి మేలు.

నా మొదటి గొట్టాన్ని నేను పాడుచేసింది కూడా ఈ దశలోనే. నునుపు చేయాలన్న ఆత్రంలో మూలలన్నీ అరగదీశాను. చేతికి హాయిగా ఉంది, కంటికి మాత్రం వాడిన సబ్బు బిళ్లలా కనిపించింది. యంత్రం మీద కోసిన లోహానికి అంచులు కచ్చితంగా, పదునుగా ఉంటాయి. ఆ అంచు మీద పడే సన్నని వెలుగు గీతే మన కంటికి ఇది లోహం అని చెబుతుంది. రెండోసారి ఉప్పుకాగితాన్ని చదునైన చెక్క ముక్కకు చుట్టి, అంచు దాకా వచ్చి ఆపుతూ రుద్దాను. ఆ ఒక్క జాగ్రత్త ఏ ఖరీదైన రంగూ ఇవ్వలేనంత తేడా తెచ్చింది.

ఇక పూతలు. మొదటిది, మూత మీద గన్‌మెటల్ అని రాసి ఉన్న స్ప్రే డబ్బా. త్వరగా అవుతుంది, సమంగా పడుతుంది, గట్టిగా నిలుస్తుంది. దగ్గరగా చూడండి, లోపల చిన్నచిన్న మెరుపు చుక్కలు కనిపిస్తున్నాయి. ఇలాంటి రంగుల్లో మెరుపునిచ్చేవి సాధారణంగా అల్యూమినియం రేకుల్లాంటి రేణువులు. అవి కాస్త పెద్దవైతే కారు రంగులా తళుకుమంటాయి. ఉక్కులో చుక్కలు ఉండవు. పది అడుగుల దూరంలో గాజు అరలో పెట్టే వస్తువుకు ఇది సరిపోతుంది. చేతిలోకి తీసుకుని చూసే వస్తువుకు నేను దీన్ని వాడను.

రెండోది, నిగనిగలాడే నలుపు మీద ఎయిర్‌బ్రష్‌తో పల్చగా కొట్టే లోహపు లాకర్. ఎయిర్‌బ్రష్ అంటే గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే పరికరం, లాకర్ అంటే ద్రావకం ఆవిరై త్వరగా ఆరిపోయే రంగు. దీనిలో రేణువులు చాలా సన్నగా ఉంటాయి. కింద అద్దంలాంటి నలుపు ఉంటే అవి పడుకున్నట్టు చదునుగా పరుచుకుని, వెలుగును ఒకే వైపు తిప్పి పంపుతాయి. ముదురు అల్యూమినియం, ఉక్కు ఛాయలు రెండూ కలిపి కొట్టాను. ఫలితం చాలా అందంగా ఉంది, నాలుగింటిలో అత్యంత శుభ్రంగా కనిపించేది ఇదే. అయితే ఇది క్షమించే రకం కాదు. నా రెండో ముక్క మీద ఎనామెల్ అనే, నెమ్మదిగా గట్టిపడే రకం నలుపు వేసి, పూర్తిగా గట్టిపడకముందే లాకర్ కొట్టాను. పది నిమిషాల్లో ఉపరితలమంతా ముడతలు పడింది. లాకర్‌లోని ద్రావకం కింది ఎనామెల్‌ను కదిలించేస్తుంది. నలుపు కూడా లాకరే అయి ఉండాలి, లేదంటే ఎనామెల్‌ను రోజుల తరబడి ఆరనివ్వాలి. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ ఇప్పటికే ఉన్నవారికి ఇది గొప్ప మార్గం. ఈ ఒక్క పని కోసం ఆ సామగ్రి కొనమని మాత్రం చెప్పను.

ఇప్పుడు నా మనసు దోచినది. గ్రాఫైట్ పొడి. పెన్సిల్ ముల్లులో ఉండేదే, మెత్తని పొడి రూపంలో దొరుకుతుంది. దీని కింద నిగనిగ నలుపు పనికిరాదు, పూర్తి మసక నలుపు కూడా అంత బాగుండదు. కొంచెం పట్టు, కొంచెం నునుపు ఉన్న శాటిన్ నలుపు కావాలి. రంగు వేసి ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాను. తర్వాత మెత్తని నూలుగుడ్డను వేలికి చుట్టి, పొడిలో అద్ది, అదనపు పొడిని దులిపి, గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాను. మొదటి నిమిషం ఏమీ జరగదు, మురికి పట్టినట్టు ఉంటుంది. అప్పుడు ఆపేయకండి. రుద్దుతున్న కొద్దీ, ఇదిగో ఇక్కడ, నలుపు లోపలి నుంచి మెరుపు లేచి వస్తుంది. గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉండే కర్బనం. రుద్దితే ఆ పొరలు ఒకదాని మీద ఒకటి జారి ఉపరితలం మీద చదునుగా పడుకుంటాయి. అందుకే దీనిలో చుక్కలు లేవు, తళుకు లేదు, వెలుగు మాత్రమే ఉంది. ఎక్కడ ఎక్కువ రుద్దితే అక్కడ ఎక్కువ మెరుస్తుంది. అంటే చేతులు తగిలి నునుపెక్కే చోట్లను మనమే ఎంచుకోవచ్చు. గొట్టం పైభాగం, పక్కలు గట్టిగా రుద్దాను, సందుల్లో అసలు రుద్దలేదు. సందుల్లోని ఆ నలుపే వస్తువుకు లోతునిచ్చింది.

రెండు జాగ్రత్తలు. ఈ పొడి చాలా తేలిక, గాలిలో లేస్తుంది. మాస్కు తప్పనిసరి, ఫ్యాన్ ఆపేయాలి. ఇక గ్రాఫైట్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది. మీ నమూనాలో ఎల్ఈడీ దీపాలు, బ్యాటరీ పెడుతున్నట్టయితే రుద్దే పని మొత్తం ముగించి, శుభ్రంగా తుడిచిన తర్వాతే వైర్లు అమర్చండి.

నాలుగోది లోహపు రంగు కలిపిన మైనపు పేస్టు. మొత్తం వస్తువుకు వేస్తే జిడ్డుగా, అతుకులు అతుకులుగా కనిపించింది. అంచుల కోసం మాత్రం దీనికి సాటి లేదు. వెండి రంగు పేస్టును వేలి కొనకు తగిలించి, దాదాపు అంతా కాగితానికి తుడిచేసి, మిగిలిన ఆ రవ్వంతతో అంచు మీద ఒక్కసారి రాయాలి.

ఎక్కడ రాయాలో తెలియాలంటే బ్లూయింగ్ సంగతి మళ్లీ గుర్తు చేసుకోవాలి. ఆ నల్లని పొర పల్చన కాబట్టి, రాపిడి ఉన్న చోట అరిగిపోయి తెల్లని ఉక్కు బయటపడుతుంది. తోలు ఒరలోకి పెట్టి తీసే పిస్టల్‌కు గొట్టం కొన దగ్గర, ఎత్తుగా ఉన్న మూలల దగ్గర అరుగుతుంది. గొట్టం మధ్యలో, ఏదీ తగలని గుంటలో అరగదు. అన్ని అంచుల మీదా సమానంగా వెండి గీసిన నమూనాలు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అంత కష్టపడి చేసిన వస్తువు ఆ ఒక్క కారణంతో బొమ్మలా మిగిలిపోతుంది. ఈ పిస్టల్‌ను వాడిన పాత్ర కుడిచేతి వాటం మనిషి, ఒర కూడా కుడి తొడ మీదే. లోపల తోలుకు ఆనుకుని రాసుకునే వైపు ఎక్కువ అరగాలని నిర్ణయించుకుని, అక్కడ ఎక్కువ, మరో వైపు చాలా తక్కువ పెట్టాను. చివరగా నలుపు, ముదురు గోధుమ ఆయిల్ రంగులను బాగా పల్చన చేసి స్క్రూల చుట్టూ, అతుకుల్లో పారించి, పైన పడినదాన్ని తుడిచేశాను.

పైన క్లియర్ పూత, అంటే రంగును కాపాడే పారదర్శక పొర, వేయాలా అని తప్పకుండా అడుగుతారు. ఇదిగో ఈ ముక్కలో సగానికి మసక క్లియర్ వేశాను, సగం వదిలేశాను. వేసిన సగంలో ఉక్కు పోయి బూడిద ప్లాస్టిక్ తిరిగొచ్చింది. వదిలేసిన సగాన్ని పది రోజులు రోజూ చేత్తో పట్టుకున్నాను. వేళ్లకు బూడిద అంటింది, మెరుపు కాస్త తగ్గింది, మళ్లీ రుద్దితే తిరిగొచ్చింది. అందుకే నా నిర్ణయం ఇది. గొట్టానికి, చేయి తగలని భాగాలకు గ్రాఫైట్, క్లియర్ లేకుండా. చేయి ఎప్పుడూ తగిలే ట్రిగ్గర్, దాని చుట్టూ ఉన్న కమ్మీకి రెండో పద్ధతిలోని లాకర్. రెండూ పక్కపక్కన ఉన్నా ఛాయలో తేడా అసలు తుపాకుల్లో వేర్వేరు భాగాల మధ్య ఉండే తేడాలాగే ఉంది, కంటికి అడ్డు రాలేదు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతాను. పూత ఇంత బాగా కుదిరిందంటే దూరం నుంచి చూసేవారికి అది అసలు ఆయుధమే. దీన్ని చేతిలో పట్టుకుని బహిరంగ ప్రదేశాలకు వెళ్లకండి, ఎవరి వైపూ సరదాకు కూడా గురిపెట్టకండి. ప్రదర్శనకు తీసుకెళ్లాల్సి వస్తే మూసిన పెట్టెలో తీసుకెళ్లండి. కొన్ని దేశాల్లో నమూనా తుపాకుల కొనకు నారింజ రంగు గుర్తు ఉండాలన్న నియమం ఉంది. మీ దగ్గర అలాంటి నియమం ఉంటే ఆ గుర్తును రంగుతో కప్పేయకండి.

బోలు లోపల చిన్న ఉక్కు గుళ్లను రెసిన్‌తో కలిపి నింపాను, ఇప్పుడు చేతికి బరువు తెలుస్తోంది. పిడికి ఇంకా చెక్క రంగు వేయాలి, అది వేరే వీడియో. ఇక గదిలో దీపాలన్నీ ఆర్పి, ఈ ఒక్కటి ఉంచుతాను. మాట్లాడకుండా ఒక నిమిషం పాటు పిస్టల్‌ను మెల్లగా తిప్పుతాను. ఉక్కు కడ్డీ కూడా పక్కనే ఉంటుంది, రెండింటినీ మీరే పోల్చి చూడండి.