గ్రంథాలయంలో హత్య జరిగితే ఆధారం ఏ పుటలో ఉంటుంది?

[తెరపై: పాఠకులు సంతకాలు చేసే రిజిస్టరు]

నమస్కారం. పఠనమందిరంలో శవం దొరకడంతో మొదలయ్యే అపరాధ పరిశోధన కథలు ఎందుకు రక్తి కడతాయో చూద్దాం. నిశ్శబ్దమే కారణమని చాలామంది అంటారు గానీ, ఉదయం పూట ఒంగోలులోనో నెల్లూరులోనో దినపత్రికల బల్ల దగ్గర కూర్చున్నవారెవరూ ఆ మాట ఒప్పుకోరు. అసలు బలం రికార్డులది.

అగాథా క్రిస్టీ 1942 నాటి నవల ‘ద బాడీ ఇన్ ద లైబ్రరీ’లో శవం కనిపించేది ఒక కల్నల్ ఇంట్లోని సొంత పుస్తకాల గదిలో. ఉంబెర్టో ఎకో 1980లో వెలువరించిన ‘ద నేమ్ ఆఫ్ ద రోజ్’లోనిది 14వ శతాబ్దపు క్రైస్తవ మఠ గ్రంథాలయం. ఎవరు పడితే వారు అడుగుపెట్టే చోట్లు కావవి. పౌర గ్రంథాలయంలోకి మాత్రం ఎవరైనా రావచ్చు కనుక అనుమానితులకు అంతుండదు. ఆ జాబితాను కుదించడానికి రచయితకు దొరికే సాధనం, కథల్లో ఎందుకో అరుదుగా కనిపించే రహస్య పుట.

[తెరపై: పాత పుస్తకం లోపలి పుట, ముద్ర దగ్గరగా]

కొత్త పుస్తకం రాగానే దానికి యాక్సెషన్ నంబరు, అంటే గ్రంథాలయంలో చేరిన వరుస సంఖ్య, ఇచ్చి, రిజిస్టరులో ఎక్కించి, ముఖపత్రంతోపాటు ఆ గ్రంథాలయం తనకంటూ నిర్ణయించుకున్న ఒక లోపలి పుట మీద కూడా ముద్ర వేసి, ఆ నంబరు రాయడం ఆనవాయితీ. ఆ లోపలి పుటే రహస్య పుట. ముఖపత్రాన్ని చించి, తేదీల చీటీని పీకేసిన దొంగకు సైతం ఈ పుట సంగతి తెలియకపోతే, పుస్తకం తనదేనని నమ్మించడం కష్టం.

1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికల సంపుటాలకు పేరుపొందింది. అటువంటి సంపుటాలున్న ఒక కల్పిత గ్రంథాలయాన్ని ఊహించండి. పాత పత్రికలోని ఒక భూతగాదా వార్త బయటపడకూడదనుకున్న వ్యక్తి, దాన్ని వెతుకుతున్న పరిశోధకుణ్ణి చంపి, ఆ సంపుటాన్ని తన తాతగారి ఆస్తిగా ఇంట్లో పెట్టుకున్నాడనుకుందాం. గ్రంథపాలకురాలు రహస్య పుట తిప్పి, ముద్ర చూపి, నంబరు చదువుతుంది. అంతటితో ఆపేస్తే కథ చప్పగా ఉంటుంది. ఆ నంబరుతో ఇష్యూ రిజిస్టరు వెతికితే సంపుటం ఎన్నడూ ఎవరికీ ఇచ్చినట్లు లేదు. ఇంటికివ్వని పుస్తకాల బీరువాలోది అది, బీరువా తాళమూ చెక్కుచెదరలేదు. అంటే లోపలివారెవరో తీసి ఇచ్చి ఉండాలి. తాళంచెవి ఒకటి గ్రంథపాలకురాలి దగ్గర, రెండోది అటెండరు దగ్గర ఉన్నాయి.