నీలం పుట్టించే తెల్ల ఉప్పు

[దృశ్యం: భీమిలి బీచ్. అల వెనక్కి పోయాక ఇసుకలో నల్లటి చార.]

ఈ చారలో నలుపు ఎక్కువగా ఇల్మనైట్ అనే ఖనిజానిది. దాని మధ్య ఎక్కడో కొద్దిగా పసుపు, గోధుమ రంగు రేణువులుంటాయి. అదే మోనజైట్ అనే ఇంకో ఖనిజం. అందులో సీరియం, లాంథనం, నియోడిమియం లాంటి లోహాలు ఫాస్ఫేట్‌తో ముడిపడి ఉంటాయి. సముద్రం ఎంత కడిగినా ఆ ముడి ఊడదు. ఊడదీయాలంటే వేడి కాస్టిక్ సోడా లాంటి మొండిది కావాలి.

ఇవాళ మనం చూసేది ఆ లాంథనం ఉప్పే, లాంథనం అసిటేట్. ఇదేమో నీళ్లలో ఇట్టే కరుగుతుంది.

[దృశ్యం: ల్యాబ్ బల్ల. గాజు పళ్లెంలో తెల్ల పొడి.]

తయారీ సులువే. లాంథనం ఆక్సైడ్‌ని అసిటిక్ ఆమ్లంలో వేసి కాస్త వేడి చేస్తే చాలు. వినెగర్‌కి పులుపు ఇచ్చేది ఈ ఆమ్లమే. లెక్క ప్రకారం ఒక ఆక్సైడ్‌కి ఆరు ఆమ్లం అణువులు కావాలి. వాటి నుంచి రెండు అసిటేట్, మూడు నీరు వస్తాయి.

టెన్షన్ అంతా తూకం దగ్గరే. ఈ ఆక్సైడ్ అచ్చం మన సున్నపురాయి కాల్చిన సున్నం లాంటిది. నీళ్లు తగిలితే వేడెక్కుతుంది, గాలిలోని తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ లాక్కుంటుంది. వైజాగ్ ఉక్కపోతలో సీసా మూత తీసి మర్చిపోయారనుకోండి, మీరు తూచేది సగం ఆక్సైడ్, సగం గాలిసరుకు! అందుకే కొలిమిలో బాగా కాల్చి, చల్లారగానే తూచాలి.

[దృశ్యం: పరీక్ష నాళిక, దగ్గరగా.]

అసలు సరదా ఇక్కడ. అసిటేట్ ద్రావణంలో కాస్త అయోడిన్, ఒకటి రెండు చుక్కల అమ్మోనియా వేసి జాగ్రత్తగా మరిగిద్దాం. కిటికీ తీసి పెట్టండి, ఘాటు ఉంటుంది.

చూశారా? ముదురు నీలం! గంజిలో అయోడిన్ వేసినట్టే ఉంది కదా. కానీ ఇందులో పిండి పదార్థం చుక్క కూడా లేదు. లాంథనం అయానుకి సొంత రంగూ లేదు, దాని తోటి లోహాల అయాన్లకి రంగునిచ్చే లోపలి పొర (4ఎఫ్) ఎలక్ట్రాన్లే దానిలో లేవు. మరి నీలం ఎక్కడిది? అమ్మోనియా వల్ల క్షార లాంథనం అసిటేట్ జిగురులా విడిపోతుంది. ఆ జిగురు అయోడిన్‌ని తనకి అంటించుకుంటుంది. రంగు ఆ కలయికది. ఔషధ పరీక్షల్లో అసిటేట్‌ని గుర్తించడానికి దీన్నే వాడతారు. అసిటేట్‌కి దగ్గరి చుట్టం ప్రొపియొనేట్ కూడా ఇలాగే నీలం ఇచ్చి మోసం చేస్తుంది, అది వేరే గొడవ.

1839లో మొసాండర్ అనే స్వీడన్ శాస్త్రవేత్త సీరియం సమ్మేళనంలో దాగి ఉన్న లాంథనాన్ని పట్టుకున్నాడు. ‘దాక్కున్నది’ అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచే ఆ పేరు.

[దృశ్యం: రెండో నాళిక.]

ఇందులో ముందే చిటికెడు సోడియం ఫాస్ఫేట్ వేశాను. మిగతాదంతా అదే. నీలం రాలేదు! లాంథనం, అసిటేట్‌ని వదిలేసి ఫాస్ఫేట్‌ని పట్టుకుని తెల్లగా అడుక్కి దిగింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి డాక్టర్లు లాంథనం కార్బనేట్ మాత్రలు రాసేది ఈ గుణం కోసమే. తిండిలోని ఫాస్ఫేట్ రక్తంలోకి చేరకముందే, పేగుల్లోనే దాన్ని పట్టేస్తుంది.