తాతయ్య పెద్దకర్మ కార్డు ఆన్‌లైన్‌లో పెడుతున్నారా? కింది సగం చూడండి

[తెర మీద: పెద్దకర్మ కార్డు. కింది సగం మసకగా ఉంటుంది.]

నమస్కారమండీ. ఇది మా తాతయ్య పెద్దకర్మ కార్డు. పైన ఆయన ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ. వంశవృక్షం కట్టేవాళ్లకి బంగారం లాంటి ఆధారం. వంశవృక్షాలు కట్టుకునే వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో ఆయన పేరు ఎక్కించిన రోజే దీన్నీ స్కాన్ చేసి పెట్టేశాను. కింది సగం పట్టించుకోలేదు. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవల పేర్లు, ఇంటి అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు, అన్నీ అక్కడే ఉన్నాయి. వాళ్లంతా బతికున్నవాళ్లు.

ఫ్యామిలీసెర్చ్‌లో ప్రపంచమంతటికీ ఒకటే చెట్టు. చనిపోయినవాళ్ల వివరాలు ఎవరైనా చూడొచ్చు. బతికున్నవాళ్లని ఎక్కిస్తే మాత్రం అవి మీ ప్రైవేట్ భాగంలోనే ఉంటాయి, మామూలుగా ఇంకెవరికీ కనిపించవు. పోయినట్టు ఆధారం లేకుండా, పుట్టి 110 ఏళ్లు దాటకపోతే, బతికున్నట్టే లెక్క. దీనివల్ల ఒక చిన్న తిప్పలుంది. మా మేనత్తని నేనూ ఎక్కించాను, మా అన్నయ్యా ఎక్కించాడు. ఒకరిది ఒకరికి కనిపించదు. తర్వాతెప్పుడో రెండూ కలపాలి. ఫరవాలేదు, కలుపుకుందాం.

[తెర మీద: 'జీవించి ఉన్నారు', 'మరణించారు' అని రెండు గడులు]

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఈ 'జీవించి ఉన్నారు' గడి ఆ ఒక్క మనిషి వివరాలనే దాస్తుంది. తాతయ్య పేజీలో పెట్టిన కార్డు, ఫొటో కింద రాసిన పేర్లు, 'రెండో కూతురు ఫలానా ఊళ్లో టీచరు' అన్న నోటు, ఇవన్నీ ఆయన పేజీతో పాటే బయటికి వెళ్తాయి.

వెళ్తే ఏమవుతుందంటారా? పాస్‌వర్డ్ మర్చిపోతే కొన్ని సైట్లు అడిగే ప్రశ్న అమ్మ పుట్టింటి ఇంటిపేరు. అది వంశవృక్షంలో రెండు క్లిక్కుల్లో దొరుకుతుంది. 'మీ చిన్నాన్న మనవడినండీ' అని ఎవరో ఫోన్ చేస్తే, వరసలన్నీ సరిగ్గా చెప్తుంటే, డెబ్భై ఏళ్ల మనిషి నమ్మకుండా ఎలా ఉంటారు?

బతికున్నవాళ్ల వివరాల విషయంలో ప్రభుత్వాలూ జాగ్రత్తపడతాయి. అమెరికాలో జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్లు ఆగి బయటపెడతారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న వచ్చాయి. బ్రిటన్‌లో అయితే 100 ఏళ్లు. మన దేశంలో 1948 సెన్సస్ చట్టం ప్రకారం మనుషుల వివరాలున్న ఆ కాగితాలు ఎవరికీ చూపించరు. అందుకే మనం పిన్నినీ పెదనాన్ననీ కూర్చోబెట్టి అడుగుతాం. ఇంట్లో పిల్లలు అడుగుతున్నారు కదా అని వాళ్లు దాచకుండా చెప్తారు. ఆ మాటలు ఎక్కడ పెడుతున్నామో ముందే వాళ్లకి చెప్పాలి.

చెట్టుని జెడ్‌కామ్ ఫైలుగా, అంటే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి వంశవృక్షాన్ని తీసుకెళ్లే ఫైలుగా, వేరేవాళ్లకి పంపేటప్పుడూ ఇంతే. అది నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్. చాలా సాఫ్ట్‌వేర్లలో 'బతికున్నవాళ్లని వదిలెయ్' అనే టిక్కు ఉంటుంది. అది పెట్టాకే పంపండి.

[తెర మీద: అదే కార్డు, పై సగం మాత్రమే]

నేను పాత స్కాన్ తీసేసి, ఫొటో, తేదీలు ఉన్న ఈ ముక్కే మళ్లీ పెట్టాను. కార్డులో ఒక నంబరు మా బాబాయిది. ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మిగతావాళ్లకీ ఈ వారమే చేస్తున్నాను.