మా వ్యానుకి అరుగు వచ్చింది: డ్రైవ్-అవే ఆనింగ్ రివ్యూ, మూడు రాత్రుల తర్వాత

నమస్తే అండీ. నా వెనక కనిపిస్తున్నవి మాల్వర్న్ కొండలు, ఇంగ్లండ్‌లోని వూస్టర్‌షైర్. ఈ ఆరెంజ్, తెలుపు రంగుల బండి మాది, 1973 ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్, అంటే లోపలే పడుకోవడానికి వీలుండే వ్యాన్. దాని పక్కనే అతుక్కుని ఒక గుడారం ఉంది కదా, ఈరోజు రివ్యూ దాని గురించే. ఇక్కడ దీన్ని డ్రైవ్-అవే ఆనింగ్ అంటారు. కంపెనీ పేరు మీకు స్క్రీన్ మీద కనిపిస్తోంది. ముందే చెప్పేస్తున్నాను, దీన్ని వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. కొలతలు, బరువు, గుడ్డ ఎంత వానకి తట్టుకుంటుంది లాంటివన్నీ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. మీలో చాలామంది అవి ఇప్పటికే చూసే ఉంటారు. మూడు రాత్రులు దీనితో ఎలా గడిచిందో అది చెబుతాను.

అసలు మొదటి రోజు దీని సంచి జిప్ కూడా తీయలేదు. శుక్రవారం సాయంత్రం, పాత వ్యాన్ల వాళ్లంతా కలిసే ఈ పొలం గేటు దాటుతున్నాం. నా కాలి కింద యాక్సిలరేటర్ ఒక్కసారిగా తేలికైపోయింది. తొక్కితే నేలకి ఆనిపోయింది, ఇంజన్ మాత్రం అలాగే నెమ్మదిగా తిరుగుతోంది. పాత బండి నడిపేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది, కేబుల్ తెగింది. ఈ బండ్లలో ఇంజన్ వెనక ఉంటుంది, పెడల్ ముందు ఉంటుంది. రెంటినీ కలిపేది బండి పొడవునా సాగే ఒక సన్నటి ఉక్కు తీగ. వెనక ఇంకో నాలుగు బండ్లు ఆగి ఉన్నాయి. నాకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. దిగేలోపే ఆరుగురు వచ్చి బండి వెనక చేతులు వేశారు. ఏమైందని కూడా అడగలేదు, తోశారు. మమ్మల్ని తీసుకెళ్లి ఒక చదునైన చోట నిలబెట్టారు.

పక్క వ్యాన్‌లోంచి ఒక పెద్దాయన వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. ఆయనది స్ప్లిట్ స్క్రీన్, అంటే 1967 వరకు వచ్చిన, ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండే మోడల్. మాది ఆ తర్వాత వచ్చిన బే విండో, అద్దం ఒకటే పెద్దది. స్ప్లిట్ స్క్రీన్లకి ఇప్పుడు ధర ఎంత పలుకుతుందో తెలిస్తే వాటిని ముట్టుకోవడానికే భయం వేస్తుంది. అలాంటి బండి ఉన్న మనిషి తడి గడ్డి మీద వెల్లకిలా పడుకుని మా బండి కిందకి వెళ్లిపోయారు. ఒక పాత రేకు డబ్బాలోంచి, న్యూస్‌పేపర్‌లో చుట్టిన కేబుల్ తీశారు.

ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను దగ్గర కూర్చుని చూశాను. తీగకి గ్రీజు పట్టించి, వేళ్ల మధ్య నుంచి జానెడు జానెడు చొప్పున పెడల్ దగ్గరి గొట్టంలోకి తోశారు. మా ఆయన వెనక ఇంజన్ దగ్గర టార్చ్ పట్టుకుని, "వచ్చింది, వచ్చింది" అని అరిచే దాకా అదే పని. ఇంజన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపే కార్బ్యురేటర్ దగ్గర గోరంత లోహపు ముక్క ఉంటుంది, దానికో చిన్న స్క్రూ. తీగ కొసని దానిలోంచి దూర్చి, నన్ను పెడల్ పూర్తిగా తొక్కమన్నారు. అంత తొక్కినా కార్బ్యురేటర్ మీటకీ, దాన్ని ఆపే అడ్డుకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ మిగిలాకే స్క్రూ బిగించారు. ఆ ఖాళీ లేకపోతే పూర్తిగా తొక్కిన ప్రతిసారీ తీగ మీద భారం పడి మళ్లీ తెగుతుందట.

డబ్బులు తీసుకోమంటే, చేతులు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపారు. "కొత్తది ఒకటి కొని నీ పెట్టెలో పెట్టుకో. ఎవరిదైనా తెగితే వాళ్లకి ఇవ్వు" అన్నారు. మర్నాడు ఆయన భార్య చెబితే తెలిసింది, ఆయన తన బే విండో అమ్మేసి తొమ్మిదేళ్లయిందట. ఆ కేబుల్ ఇప్పుడున్న బండికి పనికిరాదు. అయినా ఈ తొమ్మిదేళ్లూ ప్రతి క్యాంపుకీ ఆ రేకు డబ్బాలో తెస్తూనే ఉన్నారు.

సరే, ఆనింగ్ దగ్గరికి వద్దాం. శనివారం పొద్దున వేశాం. ఇది గాలి కొట్టే రకం. కర్రలు ఉండవు, లావుపాటి గొట్టాల్లోకి పంపుతో గాలి నింపితే నిలబడుతుంది. గుడ్డ అంచుని బండి పైకప్పు చుట్టూ ఉండే వాన గట్టర్‌కి రబ్బరు పట్టీతో తగిలించాలి. ఇప్పటి వ్యాన్లకి ఆ గట్టర్ ఉండదు, విడిగా రైలు పెట్టించుకోవాలి. మన పాత బండ్లకి ఆ బాధ లేదు. గాలి నింపడం పది నిమిషాల పని, అందులో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందంతా మేకులతోనే. ఇలా చూడండి, ఇదిగో, ఇవి దీనితోపాటు వచ్చినవి. చేత్తో నొక్కితే వంగుతున్నాయి. ఈ నేలలో నాలుగు వేళ్ల లోతుకి వెళ్లగానే రాయి తగులుతుంది. ఇరవై మేకులు కొడితే పదకొండు వంగిపోయాయి. ఇంత ఖరీదైన వస్తువుతో ఇలాంటి మేకులు ఇవ్వడం నాకు అస్సలు నచ్చలేదు, కంపెనీ వాళ్లకీ అదే రాసి పంపాను. రెండేళ్ల క్రితం మేం వాడిన ఆనింగ్‌ది ఇంకో రకం కష్టం. అది ఫైబర్ కర్రలది. వేల్స్ తీరంలో రాత్రి ఈదురుగాలికి రెండు కర్రలు విరిగి, గుడ్డంతా పాప మీద పడింది. అప్పటి నుంచి ఆనింగ్ అంటే నేను ముందు చూసేది గాలికి నిలుస్తుందా అనే, అందుకే మేకుల మీద ఇంత పట్టింపు.

నేను సుత్తితో అవస్థ పడుతుంటే ఎదురు బండి ఆవిడ వచ్చింది. బకెట్ నిండా లావుపాటి ఉక్కు మేకులు, తలలకి పసుపు రంగు. "ఆ సామాను పక్కన పడెయ్, లవ్" అని (ఇక్కడ ఆప్యాయంగా అలా పిలుస్తారు), తనే మోకాళ్ల మీద కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. వెళ్లేటప్పుడు తిరిగి ఇద్దామని లెక్కపెట్టి తీసుకెళితే, ఆరు తీసి మళ్లీ నా చేతిలోనే పెట్టింది, గాలి వైపు మూలలకి కావాల్సి వస్తాయని.

ఇక నాకు బాగా నచ్చింది చెబుతాను. దీని ముందు గోడ మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, చాపలా పైకి చుట్టి కట్టేయొచ్చు. మా పాతదానికి ఒక జిప్ తలుపు మాత్రమే ఉండేది. లోపల కూర్చుంటే బయటివాళ్లకి మనం కనపడం, వాళ్లు మనకి కనపడరు. దీనిలో కుర్చీ వేసుకుంటే దారిన పోయే ప్రతివాళ్లూ పలకరిస్తారు. రావులపాలెం దగ్గర మా అమ్మమ్మగారింటికి రెండు వైపులా అరుగులుండేవి. ఎండలో నడిచి వచ్చినవాళ్లు అడగకుండానే కూర్చునేవారు, అమ్మమ్మ లోపల నుంచి మంచినీళ్లు తెచ్చేది. శనివారం మధ్యాహ్నం ఈ గోడ చుట్టి కట్టగానే నాకు గుర్తొచ్చింది ఆ అరుగే.

ఆ మధ్యాహ్నమే ఇంకోటి జరిగింది. డ్రైవ్-అవే అంటే బండిని విప్పుకుని వెళ్లిపోయినా గుడారం తన చోట తను నిలబడుతుంది. వంట గ్యాస్ అయిపోయిందని మేం బండి తీసుకుని ఊళ్లోకి వెళ్లాం. గంటలో పెద్ద వాన. తిరిగొచ్చేసరికి మా ఆనింగ్‌లో మాకు తెలియని ఐదుగురు పిల్లలు, ఒక కుక్క. చాప మీద కూర్చుని పేకాడుతున్నారు. బండికి తగిలించే వైపు గుడ్డ జారి నీళ్లు నిలిచాయట. ఎవరో చీపురు కర్రతో కింద నుంచి ఎత్తి ఆ నీళ్లు పారబోశారు, తాళ్లు బిగించారు, లోపల ఆరేసిన మా తువ్వాళ్లు తడవని మూలకి మార్చారు. అది ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు. అడిగితే అందరూ ఇంకొకరిని చూపించారు. ఆ నీళ్లు నిలవడం మాత్రం దీని లోపమే. అక్కడ గుడ్డకి ఇంకొంచెం వాలు ఉండాలి. బండి లేనప్పుడు ఆ భాగాన్ని పైకి చుట్టి కట్టండి, మేం కట్టలేదు.

వాన తగ్గాక ఒక కుర్రాడు మా బండి వెనక ఆగి, ముక్కు పైకెత్తి వాసన చూశాడు. "పెట్రోల్ వాసన వస్తోంది, ఒకసారి ఇంజన్ తలుపు తీస్తారా?" అన్నాడు. తీసి చూస్తే రబ్బరు పైపు మీద సన్నటి పగుళ్లు. ఇక్కడ 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్‌లో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. మన దగ్గర ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మీద ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు కదా, పాత రకం రబ్బరుకి అదే సమస్య. వేడెక్కిన ఇంజన్ మీద పెట్రోల్ కారితే బండి మొత్తం కాలిపోవచ్చు. పైగా 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి ఇక్కడ 2018 మే నుంచి బండి రోడ్డు మీదికి పనికొస్తుందా అని ఏటా చేయించే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. అందుకే పక్కవాళ్ల కళ్లూ ముక్కూ ఇక్కడ అంత ముఖ్యం. ఆ కుర్రాడు తన దగ్గరున్న పైపు చుట్టలోంచి, ఇథనాల్‌ని తట్టుకునే కొత్త రకం పైపు మీటరు కోసి ఇచ్చి, క్లిప్పులతో సహా తనే వేసి వెళ్లాడు. ఆ రాత్రి పాప వ్యాన్‌లో నిద్రపోతుంటే నేను చాలాసేపు ఆ పైపు గురించే ఆలోచించాను.

ఇంతమంది సాయానికి బదులుగా పెట్టడానికి నా దగ్గరున్నది పులిహోర. శుక్రవారం పొద్దునే పెద్ద గిన్నెడు కలిపి తెచ్చాను, రెండు రోజులు నిలవ ఉంటుందని. ఆ సాయంత్రం అరుగు మీద... చూడండి, నేను అరుగనే అంటున్నాను... పదహారు మంది కూర్చున్నారు. ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకున్నారు. ఎండుమిర్చి పక్కన పెట్టమని చెప్పడం మర్చిపోయాను, కేబుల్ పెద్దాయన ఒకటి నమిలేశారు. కళ్లు తుడుచుకుని రెండోసారి పెట్టించుకున్నారు.

ఆయనకి మా ఊళ్లో పెళ్లివారంతా మటాడోర్ వ్యాన్‌లో కిక్కిరిసి వెళ్లేవాళ్లమని చెప్పాను. మటాడోర్ అనగానే లేచి కూర్చున్నారు. హాంబర్గ్‌లో టెంపో అనే కంపెనీ 1949లో ఆ పేరుతో వ్యాన్ తెచ్చిందట, దానిలో పెట్టింది ఫోక్స్‌వ్యాగన్ ఇంజనేనట. 1950లో ఫోక్స్‌వ్యాగన్ సొంత వ్యాన్ వచ్చింది, తర్వాత టెంపోకి ఇంజన్లు ఇవ్వడం ఆపేసింది. ఆ టెంపో పేరే పుణేలో బజాజ్ టెంపో అయింది, మన మటాడోర్ అక్కడిదే. మా పెద్దనాన్న పెళ్లి వ్యానుకీ ఈ పొలంలో బండ్లకీ చుట్టరికం ఉందని తెలిసి నాకు ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను.

సరే, కొనాలా వద్దా? వానకి గుడ్డలోంచి ఒక్క చుక్క కారలేదు. జిప్పులు గట్టివి. మేకులు దండగ, నీళ్లు నిలిచే చోటు సరిచేయాలి. కాగితం మీద మార్కులు వేస్తే పదికి ఏడు. కానీ ముందు గోడ మొత్తం తెరుచుకునే ఆనింగ్ నాకు ఇంతకుముందు లేదు, ఇక అది లేనిది నేను కొనను. ఒంటరిగా, నిశ్శబ్దంగా ఉందామనుకునేవాళ్లకి దీనిలో అంత పెద్ద తేడా కనిపించకపోవచ్చు. పదిమందితో కలిసి దిగేవాళ్లైతే డబ్బులు పెట్టండి, దాంతోపాటు మంచి ఉక్కు మేకులు విడిగా కొనుక్కోండి.

ఇంకొక్క మాట, ఇది ఇంటికి వచ్చాక చెబుతున్నాను. కొత్త కేబుల్ ఆర్డర్ పెట్టాను, నిన్ననే వచ్చింది. వెనక సీటు కింద పెట్టెలో ఉంది, న్యూస్‌పేపర్‌లో చుట్టి. ఆగస్టులో మళ్లీ వెళుతున్నాం. ఆ పొలంలో ఆరెంజ్ బే విండో కనిపిస్తే రండి, గోడ చుట్టి కట్టే ఉంటుంది.